మేక్ ఇన్‌స్టాల్ కొట్టేశాం సరే, లిస్టేదీ?

నాలుగేళ్ళ క్రితం మాట. ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది, సర్వరు పాస్‌వర్డు చేతికొచ్చింది, ఇక ఆగుతామా! ఓ ఉబుంటు 18.04 సర్వర్లో పైథాన్ 3.9 కావాల్సొచ్చింది. డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీల్లో అది లేదు. సోర్సు దించుకుని, అందరూ చదివే మూడు మంత్రాలే నేనూ చదివాను. కన్ఫిగర్, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్. తెర మీద కాసేపు అక్షరాలు వానలా కురిశాయి. చివర్లో ఎర్రరేమీ లేదు. నాకు సీ భాషలో పది లైన్లు కూడా తిన్నగా రాయడం రాదు. అలాంటిది అంత పెద్ద సీ ప్రోగ్రాముని కంపైల్ చేసేశానని గర్వంగా ఇంటికెళ్ళి పడుకున్నా.

రాత్రి రెండింటికి ఫోను. రిపోర్టులు తయారుచేసే స్క్రిప్టులు వరసపెట్టి పడిపోతున్నాయి. జరిగిందేంటంటే, నా కొత్త పైథాన్ యూఎస్సార్ లోకల్ కింద కూర్చుంది. పాత్‌లో ఆ డైరెక్టరీయే ముందుంటుంది. దాంతో పైథాన్3 అని ఎవరు పిలిచినా నాదే పలుకుతోంది, దానికేమో పాత మాడ్యూళ్ళేవీ తెలీవు. పొద్దున్నే ఆ రిపోర్టులు క్లయింటుకి వెళ్ళాలి. "తీసేస్తా సర్" అన్నాను. మా టీంలో సీనియరు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఏ ఫైలు ఎక్కడ పెట్టావో లిస్టుందా?"

లేదు. పైథాన్ మేక్‌ఫైల్లో అన్‌ఇన్‌స్టాల్ అనేదే ఉండదని నాకు ఆ రాత్రే తెలిసింది.

తర్వాత తీరిగ్గా కూర్చుని చదివితే అర్థమైంది, లినక్సులో ప్యాకేజీల చరిత్రంతా ఆయన అడిగిన ఆ లిస్టు చరిత్రే అని.

మేక్ పుట్టింది 1976లో, బెల్ ల్యాబ్స్‌లో. రాసినాయన స్టువర్ట్ ఫెల్డ్‌మన్. ఏ ఫైలు మారింది, దేన్ని మళ్ళీ కంపైల్ చెయ్యాలి అన్నది చూసుకోవడమే దాని పని. అది ప్రోగ్రామరు కోసం ప్రోగ్రామరు చేసుకున్న పనిముట్టు. మేక్ ఇన్‌స్టాల్ అన్నది అందులో రాసి పెట్టుకున్న కాపీ కమాండ్ల వరస, అంతే. ఏం కాపీ చేశానో గుర్తుపెట్టుకుంటానని అది ఎవరికీ మాటివ్వలేదు. మనమే అలా అనుకున్నాం.

1991లో డేవిడ్ మెకంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. అప్పట్లో ఒక్కో కంపెనీ యూనిక్సు ఒక్కో తీరుగా ఉండేది. ఒకచోట ఉన్న ఫంక్షను ఇంకోచోట ఉండదు. ఎక్కడ కంపైల్ చేస్తే అక్కడికి తగ్గట్టు మేక్‌ఫైల్ని చేత్తో సరిదిద్దుకోవాలి. ఆటోకాన్ఫ్ తయారుచేసే కన్ఫిగర్ స్క్రిప్టు ఆ పనిని తనే చేస్తుంది. నీ దగ్గర ఫలానా లైబ్రరీ ఉందా, ఫలానా ఫంక్షనుందా అని మెషీన్‌నే అడిగి తెలుసుకుంటుంది. నాలాంటి సీ రానివాడు కూడా సోర్సు నుంచి ప్రోగ్రాము కట్టుకోగలుగుతున్నాడంటే అది దీని పుణ్యమే. కానీ లిస్టు సంగతి మాత్రం ఇదీ పట్టించుకోలేదు.

అదే ఏడాది లినక్సు వచ్చింది. వచ్చింది ఒట్టి కెర్నెల్ మాత్రమే. దానికి షెల్లూ, ఎడిటరూ, కంపైలరూ జతచేసి ఇచ్చేవాళ్ళు కావాలి. 1992లో వచ్చిన ఎస్సెల్లెస్ అలాంటి తొలి ప్రయత్నాల్లో పేరున్నది. బగ్గుల విషయంలోనూ పేరున్నదే. దాన్ని బాగుచేద్దామని కూర్చున్న ప్యాట్రిక్ వోల్కర్డింగ్ 1993లో స్లాక్‌వేర్ తెచ్చాడు. దాంతో విసిగిపోయిన ఇంకో కుర్రాడు, పర్డ్యూ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇయాన్ మర్డాక్, 1993 ఆగస్టు 16న డెబియన్ ప్రకటించాడు.

నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడుంది. డెబియన్లో ఒక్కో ప్యాకేజీకి ఒక్కో మనిషి పూచీ. అతను ఆ ప్రోగ్రాము రాసినవాడే కానక్కర్లేదు, చాలాసార్లు కాదు కూడా. సోర్సు తెచ్చి, కట్టి, ఏ ఫైలు ఎక్కడికెళ్ళాలో చూసి, ఇది నడవాలంటే ఇంకేం కావాలో రాసి, కింద తన పేరు పెట్టేవాడు. మనం తెలుగు చదువుకునే లోహిత్ ఫాంటు కూడా అక్కడొక ప్యాకేజీయే. అక్షరాలు గీసింది ఒకరు, మూటకట్టింది ఇంకొకరు.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే పెద్దాయన్ని గుర్తుతెచ్చుకోండి. పెళ్ళి ఆయనది కాదు, డబ్బూ ఆయనది కాదు. ఓ మూల నోటుపుస్తకం పట్టుకుని కూర్చుని ఎవరు ఎంత చదివించారో రాస్తూ పోతాడు. ఆ పూటకి ఆయన్ని పట్టించుకునేవాళ్ళుండరు. పదేళ్ళ తర్వాత అవతలివాళ్ళింట్లో పెళ్ళికి ఎంత పెట్టాలో తేల్చేది ఆ పుస్తకమే. డెబియన్లో ఆ పుస్తకం పేరు డీపీకేజీ. ఇయాన్ జాక్సన్ 1994లో దానికి గట్టి రూపమిచ్చాడు. డెబ్ ఫైలు విప్పి చూస్తే లోపల ముఖ్యంగా రెండే మూటలుంటాయి. ఒకదాన్లో ఫైళ్ళు, ఇంకోదాన్లో వాటి జాతకం. 1995లో రెడ్ హ్యాట్ నుంచి ఎరిక్ ట్రోన్, మార్క్ యూయింగ్‌లు ఆర్పీయెం తెచ్చారు. మూల సోర్సుని ముట్టుకోకుండా అలాగే ఉంచి, మన మార్పుల్ని ప్యాచ్‌లుగా విడిగా పెట్టాలన్నది అందులో నాకు బాగా నచ్చిన నియమం. ఏది వాళ్ళది, ఏది మనది అన్నది ఎవరైనా విప్పి చూసుకోవచ్చు.

1999లో డెబియన్ 2.1తో ఆప్ట్ వచ్చాక కావాల్సినవన్నీ అదే వెతికి తెచ్చిపెట్టడం మొదలైంది. అది అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం.

మరి డెవలపరు కానివాడు సొంతంగా ప్యాకేజీ కట్టుకోగలడా? కట్టుకోగలడు. దీంట్లో ఉన్న కిటుకు ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్ట్‌డిర్ అనే వేరియబుల్‌కి ఓ ఖాళీ డైరెక్టరీ ఇస్తే, ఫైళ్ళన్నీ అసలు సిస్టంలోకి పోకుండా అందులో పడతాయి. దాన్ని మూటకడితే అదే ప్యాకేజీకి సగం పని. చెకిన్‌స్టాల్ అనే చిన్న ప్రోగ్రాముది వేరే దారి. మేక్ ఇన్‌స్టాల్‌ని తన కళ్ళ ముందు నడిపించి, అది ఎక్కడెక్కడ ఏం పెట్టిందో కనిపెట్టి, డెబ్బో ఆర్పీయెమ్మో చేసి ఇస్తుంది. అయితే దేని మీద ఏది ఆధారపడుతుందో దానికి తెలీదు కాబట్టి అది సొంత వాడకానికే పనికొస్తుంది, ఊరికి పంచడానికి కాదు. పద్ధతిగా చెయ్యాలనుకుంటే 1997లో జోయీ హెస్ రాసిన డెబ్‌హెల్పర్ ఉంది. 2008లో వచ్చిన దాని ఏడో వెర్షనుతో, మామూలు ప్రోగ్రాములకు రూల్స్ ఫైలు మూడే మూడు లైన్లకు దిగింది.

ఇంత తేలికైంది కదా అని మురిసిపోయే ముందు రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది 2006లో జరిగింది. డెబియన్లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీ చూసే మనిషి, వాల్‌గ్రైండ్ అనే టూలు ఇస్తున్న హెచ్చరిక పోగొట్టడానికి రెండు లైన్లు కామెంటు చేశాడు. చేసే ముందు అసలు డెవలపర్లను అడిగాడు కూడా. ఆ రెండింట్లో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యలకు ప్రాణమైన లైను. దాంతో తాళంచెవుల్లో తేడా తెచ్చేది ప్రాసెస్ నంబరొక్కటే మిగిలింది. ఒక రకం మెషీన్లో, ఒక సైజులో, పుట్టగలిగే తాళంచెవులు మొత్తం 32,767. అన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు! లూసియానో బెల్లో కనిపెట్టాక 2008 మే 13న బయటపెట్టారు. దాదాపు రెండేళ్ళు ఉబుంటుతో సహా అందరూ ఆ తాళాలే వాడారు. మూటకట్టేవాడు మంచి ఉద్దేశంతోనే మూటలో చెయ్యి పెట్టాడు. కానీ తనకు పూర్తిగా అర్థంకాని చోట పెట్టాడు.

రెండోది 2024 నాటిది. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్ఎస్‌హెచ్ లాగినుకు అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వితే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. వెర్షన్లు 5.6.0, 5.6.1. దాన్ని నడిపించే ఓ ముక్క గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్లో మాత్రమే ఉంది. నాకు నిద్రపట్టనివ్వనిది ఇంకొకటుంది. కడుతున్నప్పుడు ఆ స్క్రిప్టు పక్కన డెబియన్ రూల్స్ ఫైలుందా, లేకపోతే ఆర్పీయెం వాళ్ళ వేరియబులుందా అని చూస్తుంది. ఉంటేనే విషం కలుపుతుంది. మామూలుగా కన్ఫిగర్, మేక్ కొట్టుకునేవాడి జోలికి రాదు. అంటే దొంగకి బాగా తెలుసు, ఊరంతా నమ్మేది చదివింపుల పుస్తకం పట్టుకున్నాయన్నేనని. ఒక్కడి ఇల్లు దోచడం కన్నా ఆయన జేబులో చెయ్యి పెడితే చాలు.

అందుకే ఒకే సోర్సు నుంచి ఎవరు కట్టినా బైటు బైటూ ఒకేలా రావాలని డెబియన్ వాళ్ళు 2013 నుంచి తంటాలు పడుతున్నారు. లిస్టు ఉంటే సరిపోదు, లిస్టు నిజమని ఇంకొకడు సరిచూసుకోగలగాలి.

ఇంతకీ ఆ రాత్రి ఏమైందంటారా? సోర్సు డైరెక్టరీ ఇంకా చెరిపెయ్యలేదు, అదే మమ్మల్ని కాపాడింది. డెస్ట్‌డిర్ ఇచ్చి ఖాళీ చోట మళ్ళీ ఇన్‌స్టాల్ చేయించారాయన. అందులో పడిన వేల ఫైళ్ళ పేర్లు చూసి, సర్వర్లో అవే పేర్లున్నవాటిని తీసేశాం. నాలుగున్నరకి స్క్రిప్టులు లేచాయి. ఆయన తిట్టలేదు, ఒక్క మాటన్నారు. "కట్టడం రాకపోతే నేర్చుకోవచ్చు. ఏం చేశావో రాసిపెట్టకపోతే నేర్పడానికి కూడా ఏమీ ఉండదు."

అప్పట్నుంచీ సోర్సు నుంచి ఏది కట్టినా డెబ్ చేసే పెడుతున్నా. ఛేంజ్‌లాగ్‌లో పేరూ తేదీ రాస్తున్నా, అదీ ఎందుకు కట్టానో ఒక లైనుతో సహా. సీ మాత్రం ఇప్పటికీ రాదు :)