పది వేల గంటలు కాదు, స్టార్ క్లబ్

బీటిల్స్ పాట ఒక్కటి కూడా విననివాళ్ళకి సైతం, ఐటీలో ఉంటే చాలు, ఈ కథ తెలిసే ఉంటుంది. లివర్‌పూల్ కుర్రాళ్ళు జర్మనీలోని హాంబర్గ్ వెళ్ళారు, రోజుకి ఎనిమిది గంటలు వాయించారు, పది వేల గంటలు నిండగానే గొప్పవాళ్ళయిపోయారు! మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008లో రాసిన 'అవుట్‌లయర్స్' పుణ్యమా అని ఇది ట్రైనింగ్ స్లైడుల్లోకి ఎక్కేసింది. నేను పనిచేసిన ఒకచోటైతే శనివారాలు కూడా ఆఫీసుకి రమ్మనడానికి ఇదే కథ వాడారు :)

ముందు లెక్క చూద్దాం. ఆ పుస్తకం ప్రకారమే వాళ్ళు హాంబర్గ్‌లో వాయించింది 270 రాత్రులు. రాత్రికి ఎనిమిది గంటలు వేసుకున్నా 2,160 గంటలు. నిజానికి మొదటి కాంట్రాక్టులో ఉన్నది మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరు. మొత్తం పది వేలూ అక్కడే అయ్యాయని గ్లాడ్‌వెల్ కూడా అనలేదు లెండి, చెప్పేవాళ్ళు కలిపేసుకున్నారు.

సరే, అసలు ఆ ఊళ్ళో ఏం జరిగింది?

హాంబర్గ్ పెద్ద రేవు పట్టణం. ఓడ దిగిన నావికుల జేబులు ఖాళీ చేసే పేట సాంక్ట్ పౌలి. అందులో పెద్ద వీధి రీపర్‌బాన్, అంటే ఒకప్పుడు ఓడలకి మోకులు పేనిన చోటు. దాన్నుంచి చీలే చిన్న వీధి గ్రోస్సె ఫ్రైహైట్. మాటకి అర్థం 'గొప్ప స్వేచ్ఛ'. నగ్న నృత్యాల వల్ల వచ్చిన పేరనుకుంటాం కానీ కాదు. 17వ శతాబ్దంలో అక్కడ కేథలిక్కులు, మెన్నొనైట్లు లాంటివాళ్ళకి తమ మతం తాము పాటించుకునే స్వేచ్ఛ ఇచ్చారు, పేరు అందుకే. కేథలిక్ చర్చి ఇప్పటికీ ఆ బార్ల మధ్యనే ఉంది.

1960 ఆగస్టులో బీటిల్స్ దిగింది ఈ వీధిలోనే, బ్రూనో కోష్మీడర్ నడిపే 'ఇంద్రా' అనే క్లబ్బులో. పేరు మనదే అనిపిస్తుంది, బోర్డు మీద ఏనుగు బొమ్మ కూడా ఉండేది. పడక ఒక సినిమా హాలు తెర వెనక, మరుగుదొడ్ల పక్కన. అక్టోబరులో అదే యజమానికి చెందిన కైజర్‌కెల్లర్‌కి మారారు. అతనికి కావలసింది బీరు అమ్ముడుపోవడం. జనం కదలకుండా ఉండాలంటే స్టేజి మీద గోల ఆగకూడదు. అంతే, అందులో సాధనా లేదు, శిక్షణా లేదు. నవంబరులో జార్జ్ హారిసన్‌కి పద్దెనిమిది నిండలేదని పోలీసులు దేశం నుంచి పంపేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కైజర్‌కెల్లర్‌లో అదే స్టేజి మీద వంతులవారీగా ఇంకో లివర్‌పూల్ బ్యాండ్ వాయించేది: రోరీ స్టార్మ్ అండ్ ద హరికేన్స్. అదే స్టేజి, అవే గంటలు, అదే బీరు. వాళ్ళ పేరు ఇవాళ ఎవరికి గుర్తుంది? వాళ్ళ డ్రమ్మర్ రింగో స్టార్ 1962 ఆగస్టులో బీటిల్స్‌లో చేరాడు కాబట్టి ఆ కాస్తయినా చరిత్రలో మిగిలింది. గంటలే కారణమైతే ఇద్దరికీ ఒకే ఫలితం రావాలి కదా.

అదే వీధిలో 39వ నంబరులో ఓ సినిమా హాలు ఉండేది. నగ్న నృత్యాల క్లబ్బులు నడిపే మాన్‌ఫ్రెడ్ వైస్‌లెడర్ దాన్ని తీసుకుని, సుమారు 2,000 మంది పట్టే స్టార్ క్లబ్‌గా మార్చి 1962 ఏప్రిల్ 13న తెరిచాడు. మొదటి రాత్రి వాయించినవాళ్ళలో బీటిల్స్ ఉన్నారు. అంతకు మూడు రోజుల ముందే వాళ్ళ పాత బేస్ గిటారిస్టు స్టువర్ట్ సట్‌క్లిఫ్ హాంబర్గ్‌లోనే చనిపోయాడు.

వైస్‌లెడర్ కూడా వ్యాపారే, సాధువేం కాదు. కానీ అతని పద్ధతి వేరు. ఒకే రాత్రి చాలా బ్యాండ్లు వంతులవారీగా వాయించేవి, వాటి మధ్య అమెరికా నుంచి పెద్దవాళ్ళని దింపేవాడు. 1962 మే చివర్లో జీన్ విన్సెంట్ వచ్చాడు. నవంబరులో లిటిల్ రిచర్డ్. అప్పటిదాకా రికార్డులు విని అతని పాటలు పాడిన కుర్రాళ్ళు ఇప్పుడు అతనితో ఒకే స్టేజి పంచుకున్నారు, ఖాళీ దొరికినప్పుడు పక్కన నిలబడి చూశారు. అతనితో ఆర్గాన్ వాయించడానికి వచ్చిన పదహారేళ్ళ బిల్లీ ప్రెస్టన్ 1969లో బీటిల్స్‌తో కలిసి 'గెట్ బ్యాక్'లో వాయించాడు. నా దృష్టిలో హాంబర్గ్ ఇచ్చిన అసలు సరుకు ఇది.

బీటిల్స్ 1962 డిసెంబరు 31తో వెళ్ళిపోయారు. క్లబ్ మాత్రం ఆగలేదు. రే చార్లెస్ వచ్చాడు. 1964 ఏప్రిల్‌లో జెర్రీ లీ లూయిస్ ఇక్కడ పాడింది రికార్డుగా వచ్చింది, అది ఇప్పటికీ గొప్ప లైవ్ ఆల్బమ్‌లలో ఒకటిగా చెప్పుకుంటారు. లివర్‌పూల్ నుంచి వచ్చిన అమ్మాయిల బ్యాండ్ ద లివర్‌బర్డ్స్‌కి సొంత ఊరికన్నా ఇక్కడే ఎక్కువ పేరు. 1967 మార్చిలో జిమి హెండ్రిక్స్ వాయించాడు.

ఆ తర్వాత రాక్ సంగీతమే క్లబ్బు కన్నా పెద్దదైపోయింది. ఒకప్పుడు ఈ హాలుకి వచ్చినవాళ్ళు పెద్ద పెద్ద వేదికలకి వెళ్ళిపోయారు. 1969 డిసెంబరు 31న స్టార్ క్లబ్ మూసేశారు. అదే భవనంలో తర్వాత సెక్స్ షోల థియేటర్ నడిచింది. 1980లలో నిప్పంటుకుంది, ఆ తర్వాత కూల్చేశారు. ఇప్పుడక్కడ ఒక ప్రాంగణం, ఇక్కడ వాయించినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి. కైజర్‌కెల్లర్ మాత్రం ఇంకా నడుస్తోంది!

పది వేల గంటల మాటకి మూలమైన పరిశోధన ఆండర్స్ ఎరిక్సన్‌ది. ఆయనే 2016లో వచ్చిన తన పుస్తకం 'పీక్'లో ఆ అంకెలో మహత్తేమీ లేదని, జనం ముందు వాయించడం వేరు, లోపం పట్టుకుని దిద్దుకుంటూ చేసే సాధన వేరు అని రాశాడు. ఈ మాట మాత్రం ఏ స్లైడులోనూ నాకు కనపడలేదు.

అందుకని ఈసారి ఎవరైనా హాంబర్గ్ పేరు చెప్పి లేట్ సిట్టింగ్ చెయ్యమంటే ఒక్కటడగండి. ఇది కైజర్‌కెల్లరా, స్టార్ క్లబ్బా? గంటలు పెంచడం కోష్మీడర్‌కీ తెలుసు. కొత్తగా చేరిన కుర్రాణ్ణి తనకన్నా పదింతలు తెలిసినవాడి పక్కన కూర్చోబెట్టి, వాడి కోడ్ చూసే తీరిక ఇవ్వడం, అందుకు డబ్బు ఖర్చు పెట్టడం కష్టం. మన టీముల్లో కోష్మీడర్లకి కొదవలేదు. లిటిల్ రిచర్డ్‌ని పిలిపించేవాళ్ళే తక్కువ.