వైకికీ అలల ఆట

హవాయి దీవులలోని వైకికీ తీరమునకు విహారార్థము వచ్చువారు పలకపై నిలిచి అలలమీద జారివచ్చు ఆటను నేర్చుకొనుచుందురు. దీనిని నవనాగరిక వినోదమని మనము తలంతుము. కాని 1778లో కెప్టెన్ కుక్ నౌకలు ఆ దీవులను చేరునాటికే రాజులు, రాణులు, జాలరులు ఎల్లరును ఇందు ఆరితేరియుండిరి. పిమ్మట విదేశీయులు తెచ్చిన వ్యాధులకు వేలకొలది జనులు బలియైరి. 1820లో వచ్చిన క్రైస్తవ ప్రచారకులకు ఈ దిసమొల ఆట రుచింపలేదు. అలలు మిగిలినవి, ఎక్కువారు కఱవైరి. 1893లో రాణి లిలియువొకలాని సింహాసనమును కోల్పోయెను.

ఆటను మరల లోకమునకు చూపినవారిలో అగ్రగణ్యుడు 1912లో ఒలింపిక్ ఈతపందెమున స్వర్ణపతకము గెలిచిన డ్యూక్ కహనమోకు. అతడు వైకికీలో పెరిగిన హవాయివాసియే యగుట మనకు ముచ్చట గొల్పును. ఆ నేలకు మాత్రమట్టి భాగ్యము కలుగలేదు: 1920లలో కాలువ త్రవ్వి, చేమమళ్లను, చేపలచెరువులను పూడ్చివైచిరి. నేటి హోటళ్లు పెక్కు ఆ మళ్లపైననే నిలిచియున్నవి.