కీమో లైన్లతో వచ్చే చర్మ సమస్యలు

క్యాన్సర్ రోగికి నెలల తరబడి మందు ఎక్కించేందుకు సిరలో ఉంచే గొట్టం చుట్టూ, దాన్ని పట్టి ఉంచే పట్టీ కింద చర్మం దెబ్బతినడాన్ని ఈ పేరుతో వ్యవహరిస్తారు. చేతి మీది సన్నని సిరలు కీమో మందుల ఘాటుకు తట్టుకోవు. అందుకే గుండె దగ్గరి పెద్ద సిర దాకా గొట్టం పంపుతారు. మోచేతి పైనుంచి వెళ్లేది పిక్ లైన్. ఛాతీ చర్మం కింద కొంత దూరం సాగి బయటికి వచ్చేది హిక్‌మన్ గొట్టం. సియాటిల్ వైద్యుడు రాబర్ట్ హిక్‌మన్ 1979లో దీన్ని వివరించాడు. చర్మం కిందే దాగి ఉండేది కీమో పోర్ట్. 1980ల మొదట్లో వాడుకలోకి వచ్చింది.

గొట్టం దగ్గర చర్మం కందగానే ఇన్ఫెక్షన్ అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం పట్టీకి ఉండే జిగురు, లేదా శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్ మందు. ఆ మందు పూర్తిగా ఆరకముందే పట్టీ అతికిస్తే తడి లోపలే చిక్కుకుని చర్మం మండుతుంది. సాగదీసి అతికిస్తే అంచుల వెంట బొబ్బలు లేస్తాయి. పట్టీని విసురుగా పీకితే చర్మం పైపొర దానితోపాటే ఊడి వస్తుంది. కీమో, స్టెరాయిడ్లు చర్మాన్ని అప్పటికే పలుచన చేసి ఉంటాయి.

సింగరేణి బొగ్గు గనుల బెల్టులో దీనికి ఎండ తోడవుతుంది. 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ కేంద్రం ఉన్న జైపూర్‌లోనూ, గోదావరి అవతలి గోదావరిఖని, రామగుండంలోనూ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పారదర్శక పట్టీని మామూలుగా ఏడు రోజులకోసారి మారుస్తారు. చెమటకు అంచులు లేచినా, లోపల తడి చేరినా ఆ గడువు వర్తించదు, అప్పుడే మార్చాలి. చెమట ఎక్కువగా పట్టేవారికి గాజు గుడ్డ కట్టు నయం, కాకపోతే రెండు రోజులకోసారి విప్పి కట్టాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కట్టు మార్పించుకోవడానికి ప్రతిసారీ అంత దూరం పోవడం జరిగే పని కాదు. లైన్ కట్టు మార్చడం తెలిసిన నర్సు దగ్గర్లో ఎవరున్నారో డిశ్చార్జి రోజే అడిగి పెట్టుకోవాలి.

ఇన్ఫెక్షన్‌ను గుర్తించడంలో ఒక చిక్కుంది. పుస్తకాలు ఎరుపును చూడమంటాయి. చామనఛాయ, నల్లని చర్మం మీద అది ఊదాగానో, మరింత నల్లగానో కనిపిస్తుంది. కాబట్టి కంటితో పాటు చేతినీ నమ్మాలి: అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా, నొక్కితే నొప్పి పుడుతోందా? తెల్లకణాలు పడిపోయిన రోగిలో చీము కూడా పట్టకపోవచ్చు. ఈ లక్షణాలు గొట్టం బయటికి వచ్చే చోటు నుంచి రెండు సెంటీమీటర్ల లోపే ఉంటే అది ద్వారం దగ్గరి ఇన్ఫెక్షన్. గొట్టం దారి వెంట అంతకు మించి పాకితే లోపలి మార్గానికే సోకినట్టు. అప్పుడు సాధారణంగా గొట్టం తీసేయాల్సి వస్తుంది. చలిజ్వరం వస్తే, ముఖ్యంగా లైన్‌లో మందు ఎక్కించాక వణుకు పుడితే, తెల్లవారే దాకా ఆగకూడదు.

పోర్టుకు రోజూ కట్టు అక్కర్లేదు. దాని బాధలు వేరు. బాగా చిక్కిపోయినవారిలో పైచర్మం పలచబడి పోర్టు బయటపడవచ్చు. జాకెట్టు అంచు గానీ, పుస్తెలతాడు గానీ అదేచోట ఒరుసుకుంటుంటే పక్కకు జరపాలి. అన్నిటికన్నా ప్రమాదకరం, సూది జారి డాక్సోరూబిసిన్ వంటి మందు చర్మం కింద చేరడం. కండ దాకా పుండు పడుతుంది. మంట మొదలవగానే నర్సుకు చెప్పి మందు ఆపించాలి.

దురద తగ్గుతుందని పసుపు, కొబ్బరినూనె రాయడం ఇళ్లలో మామూలే. గొట్టం ద్వారం దగ్గర ఆ రెండూ పనికిరావు. నూనె ఉంటే పట్టీ అతకదు, పొడి ద్వారంలోకి చేరుతుంది. క్లోర్‌హెక్సిడిన్ పడనివారికి పోవిడోన్ అయోడిన్, జిగురు పడనివారికి సిలికాన్ పట్టీ వాడతారు. పట్టీ కింద చర్మరక్షక ద్రవం పూసి ఆరనివ్వడం కూడా ఉపయోగమే. తీసేటప్పుడు చర్మాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, పట్టీని పైకి లాగకుండా చర్మానికి ఆనించి మెల్లగా వెనక్కి మడవాలి. మానిన చోట మిగిలే నల్లమచ్చ నెలల మీద పలచబడుతుంది. దానికి మందు అవసరం లేదు.