పింగాణీ పూత: కారు రంగు చుట్టూ వందేళ్ళ భయం

(రేడియో ప్రసంగ పాఠం)



ఈమధ్య ఒక శనివారం రాత్రి తొమ్మిదింటికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. చదువు ముగించి ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. జీవితంలో మొదటి కొత్త కారు కొంటున్నాడు. మధ్యాహ్నం నుంచీ డీలరు దగ్గరే ఉన్నాడు. ధర కుదిరింది, అప్పు కుదిరింది, ఇంక సంతకాలే తరువాయి. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మామయ్యా, ఫైనాన్స్ ఆఫీసులో కూర్చున్నాను. సిరామిక్ కోటింగ్ వేయించుకోమంటున్నారు. పద్నాలుగు వందల డాలర్లట. నెలకి ఇరవై ఏడు డాలర్లే పెరుగుతుందంటున్నారు. వేయించకపోతే ఈ ఎండలకి రంగు పాడైపోతుందట. ఏం చెయ్యమంటారు?"

"ఈ రాత్రికి వద్దని చెప్పు. రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాను. వాడి చదువు కోసం మా అక్కా బావగారూ ఊళ్ళో తెచ్చిన అప్పుకి వాడు నెలనెలా పంపే డబ్బు ఆ పద్నాలుగు వందలకన్నా తక్కువే. అది తెలిసినవాణ్ణి కాబట్టి అంత తొందరగా అనేశాను గానీ, ఫోన్ పెట్టాక నాకే సందేహం వచ్చింది. నిజంగా ఆ పూతలో ఏమీ లేదా? లేకపోతే ఇంతమంది ఎందుకు వేయించుకుంటున్నారు? ఆ ఆదివారమంతా ఈ విషయం తవ్వుతూ కూర్చుంటే వందేళ్ళ వెనక్కి వెళ్ళాను. అక్కడ దొరికినదే ఈ వారం మీతో పంచుకుంటాను.

మొదట్లో కార్లకు రంగు వేసింది గుర్రపు బళ్ళకు రంగు వేసినవాళ్ళే. అవిసె నూనెతో కలిపిన రంగు, దాని మీద వార్నిష్, అన్నీ కుంచెతో. ఒక పొర ఆరాలి, దాన్ని రుద్దాలి, ఇంకో పొర వెయ్యాలి. ఒక్క కారుకు వారాల తరబడి పట్టేది. అంత కష్టపడి వేసిన వార్నిష్ కూడా ఎండకు పసుపు తిరిగి, పగిలి, త్వరలోనే కళ తప్పేది. ఫోర్డ్ మోడల్ టీ కారు 1914 నుంచి 1925 దాకా నలుపులో మాత్రమే వచ్చిందని మీరు వినే ఉంటారు. చవకగా, గట్టిగా ఉండే నల్ల రంగు అయితేనే ఆ వేగానికి, ఆ ధరకి సరిపోయింది.

ఆ రోజుల్లో కారుకు మైనం పట్టించడం విలాసం కాదు, అవసరం. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో కార్నౌబా అనే తాటి జాతి చెట్టు ఉంది. ఎండలో నీరు ఆవిరైపోకుండా దాని ఆకులు తమ మీద తామే మైనం పూసుకుంటాయి. ఆ మైనాన్నే దులిపి, కరిగించి కారు మీద రుద్దేవారు. ఈ మైనాలమ్మిన సిమొనైజ్ అనే కంపెనీ పేరు అమెరికాలో ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, కారు పాలిష్ చెయ్యడానికి అదే క్రియాపదమైపోయి నిఘంటువులకెక్కింది. మనం జిరాక్స్ తీయించడం అన్నట్టన్నమాట.

తర్వాత పెద్ద మార్పు 1920లలో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, పేలుడు మందులు చేసే డ్యూపాంట్ కంపెనీ చేతిలో నైట్రోసెల్యులోజ్ పరిజ్ఞానం మిగిలింది. దాన్నుంచి డ్యూకో అనే లాకర్ పుట్టింది. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కార్లకు నీలం రంగులో దాన్ని వేశారు. తుపాకీలాంటి గొట్టంతో చల్లితే నిమిషాల్లో ఆరిపోయేది. వారాల పని గంటల్లోకి వచ్చింది. రోడ్ల మీదకు రంగురంగుల కార్లు వచ్చాయి.

ఇక్కడ ఒక్క నిమిషం మన ఊరి వైపు చూద్దాం. లాకర్ అన్న ఆ ఇంగ్లీషు మాట ఎక్కడిదనుకున్నారు? మన లక్కకు మూలమైన లాక్ష అనే మాటే పోర్చుగీసు వాళ్ళ నోట పడి యూరప్ చేరింది. అనకాపల్లి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో అద్దితే మెరుపు వస్తుంది. డ్యూకోలో లక్క లేదు, పేరు మాత్రమే మిగిలింది. కానీ ఏటికొప్పాక బొమ్మ చేసేవారికి తెలిసిన సంగతి ఒకటుంది: పూత నిలవాలంటే కింది పని బాగుండాలి. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

డ్యూకోకి, దాని తర్వాత వచ్చిన ఎనామెల్ రంగులకి ఒక బలహీనత ఉండేది. రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పై పొర సుద్దలా మారేది. మీలో పాత కార్లు నడిపినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది, గుడ్డతో రుద్దితే గుడ్డకు కారు రంగు అంటుకునేది. అప్పుడు మైనం నిజంగా పని చేసింది. ఆ భయానికి ఆధారం ఉంది.

1980లలో ఈ లెక్క మారింది. రంగు పొర మీద క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శకమైన పొర వెయ్యడం మామూలైపోయింది. ఎండ దెబ్బను ఆ పొరే కాచుకుంటుంది. కొత్తలో అదీ తడబడింది. నేను 1996లో కొన్న పదేళ్ళ పాత కారు పైకప్పు మీద ఈ పొర పొరలుపొరలుగా ఊడిపోతుండేది. నేను అమాయకంగా నెలకోసారి మైనం పట్టించేవాణ్ణి. ఊడిపోయే చర్మానికి పౌడరు రాసినట్టే అయింది. ఆ కారును అమ్మేదాకా మైనం డబ్బాలు కొంటూనే ఉన్నాను.

అదే కాలంలో ఆమ్ల వర్షాల గొడవ మొదలైంది. కొత్త కార్ల మీద కడిగినా పోని మచ్చలు పడ్డాయి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ ప్రాంతంలో పూతలను ఆరుబయట పెట్టి పరీక్షించి, ఆమ్లాన్ని తట్టుకునే క్లియర్ కోట్‌లను తయారుచేశారు. ఇలాంటి రంగు వాడితే కొత్త కారుకు సగటున అయ్యే అదనపు ఖర్చు 5 డాలర్లని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క చెప్పింది. ఐదు డాలర్లు! ఆ ఖర్చు కారు ధరలోనే కలిసిపోయింది, మనం విడిగా కట్టనక్కర్లేకుండానే.

మరి రంగు ఇంత మెరుగుపడ్డాక రంగు భయం తగ్గాలి కదా? తగ్గలేదు. 1980లలో డీలర్లు తుప్పు మందు, రంగు సీలెంటు, సీట్లకు గుడ్డ రక్షణ కలిపి ప్యాకేజీలుగా అమ్మారు. ఫార్గో సినిమా చూసినవాళ్ళకు, 1987లో జరిగే ఆ కథలో కార్ల సేల్స్‌మన్ వద్దన్న మనిషికి ట్రూకోట్ అనే సీలెంటు అంటగట్టే సన్నివేశం గుర్తుండే ఉంటుంది. కొన్నాళ్ళు టెఫ్లాన్ పేరు నడిచింది. పెనం మీద టెఫ్లాన్ అతుక్కోవాలంటే మూడొందల డిగ్రీల సెల్సియస్ పైన కాల్చాలి. కారును అలా కాల్చలేం కదా! ప్రతి తరంలోనూ ఒక నిజమైన బలహీనతకు ఒక మందు పుట్టింది. బలహీనత పోయాక కూడా మందు పేరు మార్చుకుని అంగట్లోనే ఉండిపోయింది. నాకు ఈ చరిత్రలో కనిపించిన సారాంశం ఇదే.

ఇప్పుడు సిరామిక్ దగ్గరికి వద్దాం. సిరామిక్ అంటే మన పింగాణీ. ఆవకాయ జాడీ గుర్తొస్తుంది. కానీ ఇది జాడీలా బట్టీలో కాల్చినది కాదు. సిలికా ఆధారంగా చేసిన ద్రవం. తుడిచిన కాసేపటికి గట్టిపడి, క్లియర్ కోట్‌ను పట్టుకుని ఉంటుంది. 2003 చివర్లో మెర్సిడెస్ బెంజ్ సూక్ష్మ సిరామిక్ కణాలున్న క్లియర్ కోట్‌ను ఫ్యాక్టరీలోనే వెయ్యడం మొదలుపెట్టింది. సీసాల్లో వచ్చే పూతలు మాత్రం 2010ల తర్వాతే బాగా ప్రచారంలోకొచ్చాయి.

దీని మందం ఎంత? సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కింద ఉన్న క్లియర్ కోట్ నలభై, యాభై మైక్రాన్లుంటుంది. మన తల వెంట్రుక డెబ్భై దాకా ఉంటుంది. ఒకటి రెండు మైక్రాన్ల పొర ఎగిరొచ్చే కంకరరాయిని ఆపుతుందా? ఆపదు. షాపింగ్ కార్ట్ తగిలితే సొట్ట పడకుండా చూస్తుందా? చూడదు.

"9హెచ్ గట్టిదనం" అని ప్రకటనల్లో చూసే ఉంటారు. వజ్రం 10 కదా, ఇది 9 కాబోలు అనుకుంటాం. ఆ పదో నంబరు 1812లో మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త వేసిన కొలమానంలోది. ఈ 9హెచ్ మనం బళ్ళో వాడిన హెచ్‌బీ పెన్సిళ్ళ వరుసలోది. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని మాత్రమే అర్థం. పెన్సిల్ లోపల ఉండేది గ్రాఫైట్, బంకమట్టి. రోడ్డు మీది ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మోస్ కొలమానంలో 7. మురికి గుడ్డతో రుద్దితే సిరామిక్ వేసిన కారైనా గీతలు పడుతుంది.

అయితే పైన పటారం, లోన లొటారం అని కొట్టిపారేద్దామా? అదీ న్యాయం కాదు. తామరాకు మీద నీటిబొట్టు అంటాం కదా, ఈ పూత మీద నీళ్ళు దాదాపు అలాగే జారతాయి. జర్మనీ వృక్షశాస్త్రవేత్త బార్ట్‌లాట్ తామరాకు మహిమ ఏమిటో చూపించాడు: ఆకు మీద సన్నని గరుకు, దాని మీద మైనం. కారు పూత తామరాకంత చెయ్యలేదు గానీ, మురికిని గట్టిగా అంటుకోనివ్వదు. కడగడం తేలికవుతుంది. పక్షి రెట్ట గానీ, ఫ్లోరిడాలో మే, సెప్టెంబరు నెలల్లో గుంపులుగా వచ్చి బానెట్‌కి అంటుకునే లవ్ బగ్స్ గానీ పడితే, తుడుచుకోడానికి మనకు కాస్త వ్యవధి దొరుకుతుంది. మైనం కొన్ని వారాలో నెలలో ఉంటే, మంచి సిరామిక్ కొన్నేళ్ళుంటుంది. అంటే ఇది కవచం కాదు, సౌకర్యం. సౌకర్యానికి ఎంత ఇవ్వొచ్చో అంతే ఇవ్వాలి.

ఏటికొప్పాక మాట గుర్తుందిగా? సిరామిక్‌లో అసలు ఖర్చు సీసాది కాదు, కింది పనిది. కారును శుభ్రంగా కడిగి, మట్టి తీసి, గీతలు పోయేలా పాలిష్ చేసి, ఆ తర్వాత పూత వెయ్యాలి. ఆ పని సరిగ్గా చేస్తే ఒకటి రెండు రోజులు పడుతుంది. మురికి మీద పూస్తే ఆ గీతలే కొన్నేళ్ళు భద్రంగా ఉంటాయి.

కాబట్టి నా లెక్క ఇది. కారును ఎనిమిది పదేళ్ళు ఉంచుకునేవారు, గరాజ్ లేక ఆరుబయట నిలిపేవారు, సొంత చేత్తో కడిగే ఓపిక ఉన్నవారు వేయించుకోవచ్చు. కానీ కారు కొన్న రాత్రి కాదు. ఒకటి రెండు నెలలు పోయాక, ఈ పనే చేసే రెండు మూడు చోట్ల అడిగి, కింది పని ఏం చేస్తారో రాయించుకుని, రొక్కం ఇచ్చి. అప్పులో కలిపితే పూత పోయాక కూడా దానికి వడ్డీ కడుతూనే ఉండొచ్చు. మూడేళ్ళ లీజు తీసుకునేవారికి, బ్రష్షులు తిరిగే కార్ వాష్‌కి వెళ్ళేవారికి అనవసరం. ఓ ఇరవై డాలర్లు పెడితే దొరికే స్ప్రే సీలెంటు రెండు మూడు నెలలకోసారి కొట్టుకుంటే చాలు. పూత వేయించకపోతే కారు వారంటీ పోతుందని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. డబ్బిచ్చి ఫలానా సరుకు కొంటేనే వారంటీ అని షరతు పెట్టడాన్ని 1975లో వచ్చిన మాగ్నసన్ మాస్ చట్టం అడ్డుకుంటుంది.

ఇక మా మేనల్లుడి సంగతి. వాడు ధైర్యం చేసి వద్దన్నాడు. కానీ ఆదివారం సాయంత్రం ఇద్దరం కూర్చుని కాగితాలు చదివితే, "పెయింట్ ప్రొటెక్షన్" పేరుతో నాలుగు వందల తొంభై ఐదు డాలర్ల వరుస ఒకటి కనిపించింది. వాడు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు, సంతకం మాత్రం ఉంది. ఇలాంటివాటిని ఆపడానికే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నియమం తెచ్చింది. అది అమల్లోకి రాకముందే 2025 జనవరిలో అప్పీలు కోర్టు కొట్టేసింది. కాబట్టి మన కాగితాలు మనమే చదువుకోవాలి. రెండుసార్లు తిరిగాక ఆ డబ్బు తీసేశారు. వాడికి డబ్బు కన్నా ఎక్కువ బాధ కలిగించింది మరొకటి. "వద్దని చెప్పినప్పుడు నేనేదో తప్పు చేసినట్టు చూశారు మామయ్యా" అన్నాడు. పిల్లలకు కారు నడపడం నేర్పిస్తాం. ఆ గదిలో కూర్చుని "వద్దు" అనడం కూడా నేర్పించాలి.

మొన్న గుళ్ళో వాహన పూజ చేయించాం. బానెట్ మీద పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. ఇంటికొచ్చాక వాడే రెండు బకెట్లు, మెత్తటి గుడ్డలు తెచ్చి ఆ పసుపు మరక పడకముందే కడుక్కున్నాడు. ఊళ్ళో మా బావగారు స్కూటరుని రోజూ పొద్దున్నే తుడిచేవారు. ఆ కొడుకు ఈ కారుకి అదే పని చేస్తున్నాడు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అంతవరకూ సెలవు. నమస్కారం.