చెడ్డారు చీజు: ఇల్లాలి చేతి విద్య

ఇంగ్లండు దేశమున సోమర్సెట్టు మండలమందు చెడ్డారు అను గ్రామము గలదు. నేడు లోకమందెల్లెడల అమ్ముడుపోవు నొక గట్టి చీజునకు ఆ యూరి పేరే పేరైనది. చీజును కొందరు జున్నని తెనిగించుచున్నారు. అది మాకు సమ్మతము గాదు. జున్ను, ఈనిన పశువు తొలిపాలతో నాటికి నాడు వండుకొని తినునది. ఇదియో, పాలను గడ్డకట్టించి, నీరు తీసి, ఉప్పు వేసి, అదిమి, నెలల తరబడి పండబెట్టిన దినుసు. కావున చీజనియే వ్రాయుదుము.

జోసెఫ్ హార్డింగు (1805–1876) అను రైతునకు 'చెడ్డారు చీజునకు తండ్రి' యని బిరుదము గలదు. ఆయన ఘనతను మేము కాదనము. కాని తండ్రి పుట్టుటకు చాల ముందే బిడ్డ పెద్దదై యుండుట ఇందలి వింత. డేనియల్ డీఫో 1724 మొదలు ప్రకటించిన తన బ్రిటను యాత్రాగ్రంథమున ఈ యూరి చీజును పొగడెను. ఊరి యావులన్నియు ఒక్క బీటిలో మేయుననియు, ఎవరి పాలెంతో కొలిచి పుస్తకమున వ్రాసికొని, అన్నిటిని కలిపి పూట కొక చీజు చేయుదురనియు తెలిపెను. సాధారణముగా పల్లెలలో ఆ పని యెవరి యింట వారిదే. ఇల్లాలును, కూతుండ్రును, పనికత్తెలును దానిని నడపుచుండిరి.

ఆ పని యెట్టిదో కొంత చెప్పవలెను. వెచ్చని పాలలో పుల్లని తేట కొంత కలుపుదురు. ఇది మన యిండ్లలోని తోడువంటిది. పిదప దూడ నాల్గవ జీర్ణకోశమునుండి తీసిన రసము పోసినచో పాలు గడ్డకట్టును. (శాకాహారులకై నేడు వేరు రసములును గలవు.) గడ్డను ముక్కలుగా కోసి, మెల్లగా కాచి, తేటను వార్చి, మిగిలినదానిని పలకలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి మరల మరల తిరుగవేయుదురు. ఈ పేర్పునకే 'చెడ్డరింగు' అని పేరు. ఈ చీజు ప్రత్యేకత యంతయు ఇందే యున్నది. తరువాత చిదిపి, ఉప్పు కలిపి, అచ్చున నదిమి, గుడ్డ చుట్టి, కొవ్వు పూసి, చల్లని గదిలో బల్లలపై నుంచి తిరుగవేయుచుందురు. కిలో చీజునకు ఇంచుమించు 10 లీటర్ల పాలు పట్టును. బాగుగా పండుటకు ఏడాదియైనను కావలెను.

చిక్కంతయు పులుపున నున్నది. ఉప్పు వేయుట తొందరపడినచో రుచి పుట్టదు. ఆలస్యమైనచో చీజు పులిసి పొడి యగును. ఆ గడియను ఇల్లాలు చేతితో నొక్కి, వాసన చూచి, నాలుకపై వేసికొని కనుగొనవలసి యుండెను. వేరొక యుపాయమును గలదు: కాల్చిన యినుపకడ్డీకి గడ్డను తాకించి మెల్లగా లాగినచో సన్నని తీగలు సాగును. తీగ పొడవే పులుపునకు కొలత. రసాయనశాల లేని యింటికి ఇంతకంటె నేమి కావలెను?

హార్డింగు చేసిన దేమన, ఈ పనిలో శుభ్రతను, వేడిమి కొలతను నియమముగా నిలిపి, తన పద్ధతిని దాచుకొనక పరులకు నేర్పుట. 1855లో ఆయనయు భార్యయు స్కాట్లండునకు పోయి అచటి రైతులకు బోధించిరి. బిరుదము మాత్రము ఒక్కరికే దక్కినది. 1890 తరువాత 'బాత్ అండ్ వెస్ట్' వ్యవసాయ సంఘమువారి చీజు పాఠశాలలో ఎడిత్ కానన్ అను యువతి బోధకురాలు. ఆమె చీజు చేయుచుండగా ఎఫ్. జె. లాయిడ్ అను రసాయనవేత్త పులుపును అంకెలలో కొలిచెను. 1899లో వెలువడిన ఆ నివేదిక లాయిడ్ పేరనే యున్నది.

కొలతలు వచ్చి స్త్రీల విద్యను అపహరించెనని కొందరందురు. మేమట్లు తలపము. తల్లి చెంత నేర్చుకొను భాగ్యము లేని పిల్లకు ఉష్ణమాపకమే తల్లి యగును. బడిలో చదువు చెప్పుకొని బ్రతుకు మాకు ఈ మాట తోచకపోదు. నేర్పినవారి పేరు మరుగుపరచుటయే అన్యాయము.

ఆ పని యిల్లు విడుచుటకు కారణములు వేరు. 1851లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి రోము పట్టణము చెంత జెస్సీ విలియమ్సు అను రైతు ఇరుగుపొరుగుల పాలనుగూడ తెప్పించి ఒక్కచోట చీజు చేయ నారంభించెను. ఇంగ్లండులో మొదటి కర్మాగారము 1870లో డెర్బీషైరున లాంగ్ఫర్డునందు వెలసెను. రైలు వచ్చి పచ్చిపాలే నగరములకు పోవుచుండగా, ఏడాది పాటు సొమ్మును బల్లపై నిలువజేయుటకు ఏ రైతు ఇష్టపడును? తుదకు రెండవ యుద్ధము వచ్చినది. 1941లో చీజునకు రేషను పెట్టిరి. ప్రభుత్వము కర్మాగారములలో ఒక్క తీరు చీజునే ముఖ్యముగా చేయించెను. మొదటి యుద్ధమునకు ముందు బ్రిటనులో 3,500కు పైగా నుండిన చీజు తయారీదారులు, రెండవ యుద్ధము ముగియునప్పటికి నూరుగురైనను మిగులలేదు. రేషను 1954 వరకు సాగినది. ఆ నడుమ పెరిగిన బిడ్డలకు చీజనగా ఆ యొక్క రుచియే.

నేటికిని సోమర్సెట్టున కొలదిమంది రైతులు తమ పాలతోనే చీజు చేసి, గుడ్డ చుట్టి పండబెట్టుచున్నారు. పండినదో లేదో చూచుటకు సగము చీల్చిన గొట్టమువంటి యినుప పనిముట్టును లోనికి గ్రుచ్చి, త్రిప్పి, కొంత చీజును పైకి లాగుదురు. దానిని మూచూచి, కొన గిల్లి తిని, మిగిలినదానిని ఆ రంధ్రముననే పెట్టి, పైన మెత్తి, చీజును మరల బల్లపై నుంతురు.