సర్కారు బడిలో ఎవరు కూర్చున్నారు? సుల్తానాబాద్ చెప్పే కథ



జూన్‌లో బడులు తెరిచినప్పుడల్లా ఒక మాట వింటుంటాం. సర్కారు బడిలో చదువు రాదు, మూడో తరగతి పిల్లాడు రెండో తరగతి పుస్తకం చదవలేడు అని. అది పూర్తిగా అబద్ధమేం కాదు. పల్లెల్లో చేసే అసర్ సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో సుమారు 27 శాతం. కరోనా తర్వాత 2022లో అది 20.5కి పడింది, 2024లో మళ్ళీ 27కి వచ్చింది. తెలంగాణ ఈ సగటు కంటే కిందనే ఉంది. కానీ నేను ఇవ్వాళ అడిగే ప్రశ్న వేరే. ఆ బడిలో కూర్చున్నది ఎవరు? కరీంనగర్, పెద్దపల్లి మధ్య ఉన్న సుల్తానాబాద్ చుట్టుపక్కల ఈ ప్రశ్నకు జవాబు కాలానికో తీరుగా మారింది.

మొదట నిజాం కాలం. 1905 దాకా ఇది ఎలగందుల జిల్లా, ఆ తర్వాత కరీంనగర్ జిల్లా. అందులో సుల్తానాబాద్ ఒక తాలూకా. ప్రాథమిక బడిని తహతానియా అనేవారు, మిడిల్ స్కూల్‌ను వస్తానియా, హైస్కూల్‌ను ఫోకానియా. కింది తరగతుల్లో ఇంటి భాషకు చోటున్నా, పైకి పోవాలంటే ఉర్దూ తప్పదు. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూలోనే చెప్పేది. మరి ఆ బడికి పోయిందెవరు? ఎక్కువగా కచేరీ ఉద్యోగుల పిల్లలు, పటేల్ పట్వారీల పిల్లలు, దొరల పిల్లలు. అందులోనూ మగపిల్లలు. ఇంకొందరికి అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించే ఖాంగీ బడి, అంటే పంతులు సొంతంగా నడిపేది. దానికీ సర్కారు అనుమతి ఉండాలని 1920లలో నిబంధన పెట్టడంతో అవి కూడా తగ్గిపోతూ వచ్చాయి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కోసం గొంతెత్తింది ఇందుకే. నాలుగో సభ 1935లో మన జిల్లాలోనే, సిరిసిల్లలో జరిగింది. మాడపాటి హనుమంతరావు గారు అధ్యక్షులు.

ఆ సిరిసిల్ల పక్కన హనుమాజీపేటలో 1931లో పుట్టిన సినారె గారు ఉర్దూ మీడియంలోనే చదువుకున్నారు. తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చిన కవి సంగతి ఇది! ఆయన నిలదొక్కుకున్నారు కాబట్టి పేరు మనకు తెలుసు. భాష అంతుపట్టక బడి మానేసిన పిల్లల పేర్లు ఎవరికి తెలుసు? 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు.

తర్వాత తెలుగు బడులు వచ్చాయి. ఏ పాత ప్రాథమిక పాఠశాలలోనైనా అడ్మిషన్ రిజిస్టర్ తిరగేసి చూడండి. పుట్టిన తేదీలు చాలామటుకు జూన్, జూలైలే. సారు అందాజగా రాసినవి. తండ్రి వృత్తి చూస్తే వ్యవసాయం, కూలీ, చేనేత, గీత, ఉద్యోగం, అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. మన పెద్దవాళ్ళు "మా కాలంలో సర్కారు బడిలో చదువంటే అట్లుండేది" అని గర్వంగా చెప్పుకునేది ఈ కాలం గురించే. కానీ అదే రిజిస్టర్‌లో బడి మానిన తేదీ గడి కూడా చూడాలి కదా. ఒకటో తరగతి నిండుగా ఉండేది, ఐదుకు వచ్చేసరికి పలచబడేది. ఆడపిల్ల తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో ఆగిపోయేది, పాలేరు కొడుకు పశువుల వెంట పోయేవాడు. ఏడో తరగతి పరీక్ష దాకా మిగిలినవాళ్ళు బాగా రాశారంటే, రానివాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఆ మాటను మనం మర్చిపోయి మార్కులే గుర్తుపెట్టుకున్నాం.

ఇక నీళ్ళ సంగతి. 1963లో పునాది వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ ఈ పొలాలకు చేరింది. వరి పెరిగింది, సుల్తానాబాద్‌లో రైస్ మిల్లులు పెరిగాయి, చేతిలో పైసలు ఆడాయి. పైసలున్న ఇంటి ముందుకు ఇంగ్లీష్ మీడియం బడి బస్సు వచ్చింది. సరిగ్గా అదే కాలంలో అటు సర్కారు బడి తలుపులు వెడల్పయ్యాయి. 1996లో డీపీఈపీ పథకం మొదటి విడత జిల్లాల్లో కరీంనగర్ ఉంది. 2003 నుంచి బడిలో వండిన మధ్యాహ్న భోజనం, 2010 నుంచి విద్యాహక్కు చట్టం. ఇంతకుముందు మధ్యలో మానేసిన పిల్లలు ఇప్పుడు బడిలో ఉంటున్నారు, చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేనివాళ్ళతో సహా. కలిగినవాళ్ళు మాత్రం బయటికి పోయారు. చాలా ఇళ్ళలో కొడుకు ప్రైవేటుకు, బిడ్డ సర్కారుకు.

ఇంకో చిక్కుంది. పక్కనున్న మంథని ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో సర్వేల్‌లో గురుకులం మొదలైంది. ఇప్పుడు రాష్ట్రమంతా గురుకులాలే. మంచిదే. కానీ ఐదో తరగతిలో చేరడానికి ప్రవేశ పరీక్ష పెడతారు. ప్రాథమిక బడి టీచర్ నాలుగేళ్ళు కష్టపడి చెప్పిన పిల్ల ఆ పరీక్ష గెలిచి వెళ్ళిపోతుంది. టీచర్ ఎంత బాగా చెబితే ఐదో తరగతి అంత ఖాళీ! దాన్ని మనం "ఫలితాలు బాగాలేని బడి" అంటాం.

ఆఖరుగా, ఇటుక బట్టీలు. సుల్తానాబాద్, పెద్దపల్లి చుట్టూ బట్టీల్లో పనికి బలంగీర్, నువాపడ వంటి ఒడిశా జిల్లాల నుంచి కుటుంబాలు పిల్లలతో సహా వస్తాయి. ఆ పిల్లల కోసం పని జరిగేచోటనే ఒడియాలో చెప్పే బడులు నడిపిన సందర్భాలు కూడా ఉన్నాయి. లేకపోతే ఇంట్లో ఒడియా, బయట తెలుగు, పుస్తకంలో 2022-23 నుంచి ఇంగ్లీష్. వందేళ్ళ కింద తహతానియా నుంచి వస్తానియా మెట్టు ఎక్కలేక ఆగిపోయిన తెలుగు పిల్లాడి కష్టమే ఇది. భాష పేరు ఒక్కటే మారింది.

వీళ్ళు పండక్కి నువాఖాయి చేసుకుని, చలికాలానికి ఇక్కడికి దిగుతారు. వానలు పడకముందే ఊరికి పోతారు. మన దగ్గర పిల్లల లెక్క తీసే యూడైస్‌కు ఏళ్ళ తరబడి ప్రమాణంగా ఉన్న తేదీ సెప్టెంబర్ 30. ఆ రోజున ఈ పిల్లలు సుల్తానాబాద్‌లో ఉండరు. లెక్క పూర్తయ్యాక వస్తారు.