మలుపులో ఒరిగెడు బండి

మలుపు తిరుగుచున్న బస్సులో నిలుచున్న మనిషి వెలుపలి వైపునకు తూలును. బస్సు పైభాగము కూడ ఆ వైపునకే ఒరుగును. లోపలివారికి అది అంతగా తెలియదు గాని దారిప్రక్కన నిలిచి చూచువారికి స్పష్టముగా కనిపించును. ఈ ఒరుగుడును తగ్గించుటకు ఇంజనీర్లు నూరేండ్లకు పైగా పాటుపడినారు. ఆ కథలో మన విద్యార్థులు తరచు తడబడు విషయ మొకటి ఉన్నది: బండి ఒరుగుట వేరు, బోల్తాపడుట వేరు.

ఒరుగుడు స్ప్రింగులతో వచ్చినది. మన ఎడ్లబండి చట్రము ఇరుసుపైననే కూర్చుండును. గతుకులన్నియు బండివాని నడుమునకు తగులును గాని, చక్రములను విడిచి బండి తనంతట ఒరుగదు. 1804లో లండన్ నగరమున ఒబడయా ఇలియట్ అనునతడు ఉక్కుపట్టీలను కోడిగ్రుడ్డు ఆకారముగా కూర్చిన కమానుకట్టలను గుఱ్ఱపు బండ్లకు అమర్చు పద్ధతికి పేటెంటు పొందినాడు. ప్రయాణము సుఖమైనది. కాని మెత్తని కమానులపై కూర్చున్న బండి మలుపులో ప్రక్కకు వాలసాగినది.

మోటారుబండ్లు వచ్చి వేగము హెచ్చగా ఇది పెద్ద చిక్కైనది. వేగము రెట్టింపైనచో ప్రక్కకు నెట్టు బలము నాలుగు రెట్లగును. కెనడాలోని ఫ్రెడరిక్టన్ పట్టణవాసి స్టీఫెన్ కోల్మన్ 1919 ఏప్రిల్ 22న ఒక ఉపాయమునకు పేటెంటు పొందినాడు. నేటి రూపములో అది రెండు కొసలును వంచిన ఒక ఉక్కు కడ్డీ. దాని నడిమి భాగము చట్రమునకు, కొసలు కుడియెడమ చక్రముల వైపునకు తగిలించబడి ఉండును. రెండు చక్రములు ఒక్కసారి పైకి లేచినప్పుడు కడ్డీ ఊరక తిరుగును; ఏమియు అడ్డు చెప్పదు. బండి ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు మాత్రము ఒక కొస పైకి, ఒక కొస క్రిందికి పోయి కడ్డీ మెలిపడును. తడిబట్ట పిండినట్లే! ఆ మెలి విడిపోవుటకు చేయు ప్రయత్నమే ఒరుగుడును ఆపును.

చిన్నదిగా తోచు ఈ కడ్డీ విలువ 1930ల తరువాత గాని బాగుగా తెలియలేదు. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసిన ఆంగ్ల ఇంజనీరు మారిస్ ఆలీ 1930లో అమెరికాలోని కాడిలాక్‌లో చేరినాడు. బరువులను ముందువెనుకలకు జరుప వీలున్న ఒక కారును 1932లో సిద్ధపరచి, ముందు స్ప్రింగులు వెనుకవాటికన్న మెత్తగా ఉన్నచో ప్రయాణము సుఖముగా ఉండునని కనుగొన్నాడు. దాని ఫలితముగా 1934లో జనరల్ మోటార్స్ కార్లకు ముందుచక్రములను విడివిడిగా కదలనిచ్చు అమరిక వచ్చినది. మెత్తదనముతోపాటు ఒరుగుడు పెరిగినది. కడ్డీ అవసరము కూడ పెరిగినది.

ఇక పికప్ సంగతి. ముందు కూర్చుండు గది, వెనుక సరకుల తొట్టి గల ఈ చిన్న లారీని ఫోర్డు కంపెనీ 1925లో మోడల్ టి రూపములో కర్మాగారమునుండియే 281 డాలర్లకు అమ్మినది. పికప్ కష్టము వేరు. ఖాళీగా ఉన్నప్పుడును, నిండుగా ఉన్నప్పుడును దాని వెనుక కమానులు ఒక్కటే. నిండు బరువునకు తగినంత గట్టి కమానులు వేసినచో ఖాళీ బండి గతుకులలో ఎగిరిపడును. ఒరుగుడు తగ్గుటకని మరియొక పట్టీ చేర్చినచో ఆ ఎగురుడు ఇంకను పెరుగును. షాక్ అబ్జార్బర్లు మార్చినచో ఒరుగుడు మెల్లగా వచ్చును గాని, దీర్ఘమైన మలుపులో చివరకు అంతే ఒరుగును. కనుకనే మెకానిక్కులు లావైన కడ్డీని మెచ్చుకొందురు. మెలికి ఎదురుతిరుగు శక్తి కడ్డీ వ్యాసపు నాలుగవ ఘాతమునుబట్టి పెరుగును: 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు అదే ఆకారముగల 22 మిల్లీమీటర్లది వేసినచో బిగువు 46 శాతము పెరుగును. దోష మేమనగా, ఒక చక్రము గోతిలో పడినప్పుడు ఆ కుదుపు రెండవ ప్రక్కకును ప్రాకును.

కడ్డీని ముందు వేయుటా, వెనుక వేయుటా అనునది అంతకన్న ముఖ్యము. ఏ ఇరుసు వద్ద బిగువు హెచ్చునో ఆ వైపు టైర్లు ముందుగా పట్టు వదలును. వెనుకటైర్లు ముందుగా జారినచో సామాన్య డ్రైవరు బండిని అదుపుచేయలేడు. 1960 మోడలుగా షెవ్రొలే కంపెనీ వెనుక ఇంజనుతో కోర్వెయిర్ అను కారును తెచ్చినది. 1961 మోడలుగా అదే ఏర్పాటుతో పికప్‌లు కూడ వచ్చినవి. కారు ముందుభాగమునకు ఈ కడ్డీ 1964 మోడలులో గాని తప్పనిసరి భాగము కాలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ తన గ్రంథమున దీనిని తీవ్రముగా విమర్శించినాడు. 1972లో ప్రభుత్వ నివేదిక, ఆ కాలపు ఇతర కార్లకన్న ఇది ప్రమాదకరము కాదని తేల్చినది. వివాద మెట్లున్నను, అంత చవుకైన కడ్డీని నాలుగేండ్లు ఆలస్యముగా వేయుట నాకు సమర్థనీయముగా తోచదు.

ఇప్పుడు మొదటి మాటకు వత్తము. లావు కడ్డీ వేసిన యజమాని, బండి ఒరుగుట లేదు గనుక ఇక వేగముగా తిరుగవచ్చునని తలచును. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేయించవచ్చును. కుడియెడమ చక్రముల దూరము 1.5 మీటర్లు, గురుత్వకేంద్రము నేలనుండి 0.7 మీటరు ఎత్తున ఉన్నదనుకొనుడు. దూరములో సగమును ఎత్తుచే భాగించినచో 1.07 వచ్చును. అనగా ప్రక్కకు నెట్టు బలము బండి బరువునకు 1.07 రెట్లైనగాని అది బోల్తాపడదు. పొడి తారురోడ్డుపై టైర్ల పట్టు సుమారు 0.8 మాత్రమే, కనుక బండి ముందుగా జారును. అదే తొట్టిలో బస్తాలను ఎత్తుగా పేర్చి కేంద్రమును ఒక మీటరునకు పెంచినచో భాగఫలము 0.75. ఇప్పుడు బండి జారకముందే బోల్తాపడును.

ఒరుగుడువలన కేంద్రము ప్రక్కకు కొంత జరుగుననుట నిజమే. బండి పైభాగము అర మీటరు చేతిపై 6 డిగ్రీలు ఒరిగినచో అది సుమారు 5 సెంటీమీటర్లు; 0.75 కాస్తా 0.70 అగును. కడ్డీ ఆ ఒరుగుడును 3 డిగ్రీలకు తగ్గించినచో 0.72 దాకా తిరిగి వచ్చును. కడ్డీ జోలికి పోక, బస్తాలను సర్ది కేంద్రమును 10 సెంటీమీటర్లు దించినచో, అదే 6 డిగ్రీల ఒరుగుడుతో కూడ సుమారు 0.78 వచ్చును.